ఒంటి బోల్టు

శవాన్ని మోసుకెళ్ళే బండి దారిలో ఆగిపోతే మావాళ్ళు బానెట్ ఎత్తి చూడరు. వెనక్కి తిరిగి శవపేటిక వైపు చూస్తారు. పోయినవాడికి ఇంకా ఏదో చెప్పాలని ఉంది, అందుకే కదలనివ్వడం లేదంటారు. తర్వాత బండి ఎవరి గుమ్మం ముందు ఆగిందో చూసి, ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్ళ మొహం చూస్తారు. ఇంజన్లు విప్పుకుని బతికే మా మెకానిక్ షెడ్ల పేట, సువామె మ్యాగజైన్‌లో కూడా ఇదే మాట. పొద్దున్న మెకానిక్కులం, సాయంత్రం చేతుల గ్రీజు కడుక్కున్నాక మేమూ అందరిలాంటి వాళ్ళమే. నాకేదో కొమ్ములున్నాయని చెప్పడం లేదు. నేనూ అలాగే చూసేవాణ్ణి.

నా పేరు బదూ. పదో సంతానానికి మావాళ్ళు పెట్టే పేరది. నా వంతు వచ్చేసరికి మా అమ్మ దగ్గర మంచి పేర్లు అయిపోయాయని మా మేస్త్రమ్మ డుఫియె ఎగతాళి చేస్తుంది. కుమాసి పట్నంలో ఏ పాత ఇంజను చెడినా చివరికి మా మ్యాగజైన్‌కే చేరుతుంది. అక్కడ డుఫియె వెల్డింగు పని, నా డ్రిల్లు మిషను ఒకే రేకు కప్పు కింద ఉంటాయి. ఎక్కడో సముద్రం అవతల వాడి పారేసిన ఇంజన్ని తెచ్చి ఇంకో బండిలో పెడితే దేనికీ ఏదీ కుదరదు. కుదరనివాటిని కుదిర్చే ఇనపముక్కలు చెయ్యడం డుఫియె పని. వాటికి బెజ్జాలు వెయ్యడం నా పని. ఆవిడ నోటికి జడిసి గిరాకీ పారిపోవాలి గానీ, చేతి పని చూసి మళ్ళీ వస్తారు.

ఆ శుక్రవారం న్యార్కో వచ్చాడు. శవాల బండి డ్రైవరు. పాత ఇంజను పోతే వేరే ఇంజను వేయించుకున్నాడు, కానీ అందులో క్రాంకు సెన్సారుకి చోటు లేదు. ఈ సెన్సారనేది ఇంజను తిరుగుతుంటే పళ్ళచక్రం పళ్ళను చూస్తూ కూర్చునే కన్ను లాంటిది. అది చూస్తున్నంతసేపే ఇంజను బతికుంటుంది. చక్రం మెల్లగా తిరిగితే దానికి చూపు సరిగ్గా ఆనదు. మధ్య సందు పెరిగితే అసలే ఆనదు. చూపు పోయిందా, ఇంజను ఠక్కున ఆగిపోతుంది. కాబట్టి ముందువైపు పుల్లీ దగ్గర ఆ కన్నుని కదలకుండా పట్టుకునే బ్రాకెట్ ఒకటి కావాలి. ఇలాంటిది ఏ కొట్లోనూ దొరకదు, చేసుకోవాల్సిందే.

డుఫియె పాలడబ్బాల అట్టపెట్టె చింపి, ఇంజను మీద పెట్టి వేలితో నొక్కి అచ్చు తీసింది. అట్ట కత్తిరించి, దళసరి ప్లేటు మీద పెట్టి సుద్దతో గీసి, కోసింది. వైసులో బిగించి, ఎర్రగా కాల్చి, సుత్తితో వంచింది. నేను బెజ్జాలు వేశాను. సెన్సారు కూర్చునే బెజ్జం కొంచెం కోలగా వెయ్యమంది, అటూ ఇటూ జరుపుకోవడానికి. మూలలో ఊతం ముక్క పెట్టి వెల్డింగు చేసి, అది చల్లారేదాకా దాని వైపు ఎవర్నీ చెయ్యి చాపనివ్వలేదు. అరచేతిలో పట్టే ముక్క. ఆ ముక్కని చూస్తే నాకే ముచ్చటేసింది.

బిగించబోతే అప్పుడు బయటపడింది సంగతి. ఇంజను మీద రెండు బోల్టు బెజ్జాలుండాలి. ఒకదాంట్లో ఎప్పుడో విరిగిపోయిన బోల్టు ముక్క ఇరుక్కుని ఉంది.

"ఒరేయ్ న్యార్కో, ఇది తీసి మళ్ళీ మర తిప్పాలి. రేపు మధ్యాహ్నం దాకా బండి వదిలెయ్," అంది డుఫియె.

"రేపు శనివారం, ఊళ్ళన్నీ శవాల్ని సాగనంపే రోజు మేస్త్రమ్మా! తెల్లారేసరికి మార్చురీ గేటు దగ్గరుండాలి. శవమైతే ఆగుతుంది గానీ శవం చుట్టాలు ఆగరు."

"అయితే ట్యాక్సీలో తీసుకెళ్ళు."

"పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టమంటావా?"

నేను నవ్వాను. డుఫియె నవ్వలేదు. ఒంటి బోల్టుతోనే బిగించి, జేబులోంచి గీకేసిన ఫోను రీఛార్జి కార్డు తీసి, సెన్సారుకీ పళ్ళచక్రానికీ మధ్య దూర్చి సందు సరిచూసింది. మ్యాగజైన్‌లో అందరి కొలతా అదే.

"చెవులు రిక్కించి విను," అంది లేస్తూ. "ఇంత పొడుగు చెయ్యి ఒక్క బోల్టు మీద నిలవదు. బాగా వేడెక్కితే వాలుతుంది, సందు పెరుగుతుంది. అప్పుడు నువ్వు స్పీడు తగ్గించావో, బండి ఆగిపోతుంది. చల్లారేదాకా దేవుడు దిగొచ్చినా కదలదు. రేపటి పని అవగానే సోమవారం పొద్దున్నే తీసుకురా, రెండోది వేస్తాను."

"తెస్తాను. మా అమ్మ మీద ఒట్టు."

"నీ ఒట్లకి మీ అమ్మ ఎన్నిసార్లు చచ్చిందిరా పాపం!"

సోమవారం న్యార్కో రాలేదు. అతని బదులు ఒక ఆడమనిషి వచ్చింది. ముప్పై దాటని వయసు, ఒంటి మీద మైలబట్ట, కాళ్ళకి ఎర్రమట్టి. శవాల బండికి ఇనపముక్క చేసిందెవరని షెడ్డు షెడ్డుకీ అడుగుతూ మా దగ్గరికొచ్చింది. పేరు తచివా. కొత్వియాసో అనే ఊరు.

"నువ్వేనా అక్కా డుఫియె? ఆ డ్రైవరు బానెట్ ఎత్తి, 'ఒంటి బోల్టుతో పోనిచ్చింది డుఫియె' అన్నాడు. ఒక్కసారే అన్నాడు. జనం కేకలెయ్యడం మొదలెట్టాక బానెట్ మూసేశాడు, నోరూ మూసేశాడు. నేను మాత్రం విన్నాను."

డుఫియె స్టూలు జరిపింది. తచివా కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

పోయినవాడు అజేకుమ్, తచివాకి స్వయానా మేనమామ. కుమాసి బజార్లో పాతబట్టలు అమ్ముకునేవాడు. నలభై నిండలేదు. కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి పోయాడు. శనివారం బండి ఊరి ముందున్న గుట్ట ఎక్కి దిగి, వీధిలోకి వచ్చి, ఎనో పొక్వా ఇంటి ముందు ఆగిపోయింది. తాళం ఎంత తిప్పినా కదల్లేదు. పేటికని అక్కణ్ణించి భుజాల మీద మోసుకెళ్ళారు. పూడ్చిపెట్టి వచ్చాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

"ఎనో పొక్వా ఎవరు?" అని అడిగాను.

"మా అజేకుమ్ మావకి పెద్దమ్మ. నాకు అమ్మమ్మ వరస. మా అమ్మ పోయాక నన్ను పెంచింది. మావనీ తనే పెంచింది."

మావాళ్ళ నమ్మకంలో మంత్రగత్తె పరాయివాళ్ళని తినలేదు. తన తల్లివైపు రక్తాన్నే తింటుంది. ఎంత దగ్గరిదైతే అంత అనుమానం. ఎత్తుకుని పెంచిన చేతి మీదే మొదటి వేలు చూపిస్తారు.

"తల గొరిగేశారు," అంది తచివా. "గదిలో పెట్టి తాళం వేశారు. బుధవారం ప్రార్థనల శిబిరానికి పంపేస్తారంట. అక్కడ ఒప్పుకునేదాకా చెట్టుకి గొలుసేసి ఉంచుతారు, తిండి పెట్టరు. అంత ముసలి ప్రాణం ఎన్నాళ్ళుంటుంది? అక్కా, ఆ బండి ఆగింది నీ బోల్టు వల్లేనా? ఆ మాట మా ఊరొచ్చి చెప్తావా?"

నా ముక్క చెడ్డది అని పదిమందిలో చెప్పుకున్న మేస్త్రీని నేను మ్యాగజైన్‌లో ఇంతవరకు చూడలేదు. బండి తగలబడిపోయినా తప్పు పెట్రోలుదే అంటాం. డుఫియె చేతిగుడ్డతో మొహం తుడుచుకుంది.

"వస్తాను," అంది. "చెప్పడమే కాదు, చూపిస్తాను. చెప్పిన మాటని కాదంటారు గానీ కళ్ళతో చూసింది ఎలా కాదంటారు?"

న్యార్కో హోటల్లో ఫుఫూ ముద్దలు మింగుతూ దొరికాడు. మనిషి వెలిగిపోతున్నాడు.

"నా బండి ఇప్పుడు మామూలు బండి కాదు మేస్త్రమ్మా. నిజం చెప్పే బండి. పక్కూళ్ళ నుంచి కూడా అడుగుతున్నారు. ఆ రెండో బోల్టు అవీ ఇప్పుడెందుకులే."

"ఒక ముసలిదాని తల గొరిగించి నువ్వు సూపు జుర్రుకుంటున్నావు," అంది డుఫియె. "రేపు పొద్దున్న బండి తీసుకుని నాతో రాకపోయావో, ఈ మ్యాగజైన్‌లో నీకు టైరు పంచరు వేసేవాడు కూడా ఉండడు. నా సంగతి నీకు తెలుసు."

తెలుసు కాబట్టే వచ్చాడు.

కొత్వియాసోలో ఉన్నది ఒక్కటే వీధి. గుట్ట దిగగానే మొదలై, రెండు వైపులా ఇళ్ళతో సాగి, ఊరి చివర కోకో గింజలు తూచే షెడ్డు దగ్గర ఆగుతుంది. మొదట్లోనే రోడ్డుకి అడ్డంగా వానకాలవ. ఆ కాలవకి ఎదురుగా ఎనో పొక్వా ఇల్లు. తచివా ఇల్లు ఇంకా ముందుకి, షెడ్డుకి ఇవతల. మమ్మల్ని నేరుగా తవియా మావయ్య వసారాలోకి తీసుకెళ్ళారు. ఆయన ఆ తల్లివైపు కుటుంబానికి పెద్ద. పోయినవాడికి మేనమామ. ఎనో పొక్వాకి తోడబుట్టిన తమ్ముడు.

ముందు మంచినీళ్ళిచ్చారు. తాగాక, వచ్చిన పనేమిటని మర్యాదగా అడిగారు. డుఫియె బ్రాకెట్ సంగతి, బోల్టు సంగతి, వేడి సంగతి దాచకుండా చెప్పింది. అప్పటికే వసారా నిండా జనం. తవియా మావయ్య కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. ఆయన దొంగ అయితే మా పని తేలికయ్యేది. దొంగ కాదు, మనసారా నమ్మిన మనిషి.

"అమ్మాయ్, నీ పని బాగాలేదని నీ నోటితోనే చెప్తున్నావు. అది చిన్న విషయం కాదు," అన్నాడు. "సరే, ఇనుముదే తప్పనుకుందాం. దారంతా ఇన్ని ఇళ్ళున్నాయి కదా, ఆ గుమ్మమే ఎందుకు?"

"అక్కడ కాలవుంది కాబట్టి మావయ్యా. కాలవ దగ్గర ఏ డ్రైవరైనా స్పీడు తగ్గిస్తాడు."

"మరి కాలవ ఆ గుమ్మం ముందే ఎందుకుంది?"

జనం గొల్లుమన్నారు. డుఫియె ముక్కుపుటాలు అదిరాయి.

"అది తవ్వినవాణ్ణి అడగండి. నేను తవ్వింది కాదు. ఇప్పుడు వినండి, కాలవ మీద చెక్కలు పరుస్తాను. బండిని గుట్ట మీద బాగా వేడెక్కించి తెస్తాం. చెక్కలున్నాయి కాబట్టి స్పీడు తగ్గించక్కర్లేదు, ఎనో ఇంటి ముందు ఆగదు. నేరుగా వెళ్ళి కోకో షెడ్డు దగ్గర తగ్గిస్తాడు, అక్కడ ఆగుతుంది. షెడ్డులో ఎవరూ కాపురముండరు. షెడ్డుని మంత్రగత్తె అనరు కదా?"

ఈసారి నవ్వు డుఫియె వైపు తిరిగింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. గట్టి ఆలోచన అది. చోటు కూడా ముందే చెప్పింది, ఏ పేచీ లేకుండా.

తవియా మావయ్య చేతికర్రని నేలకి ఆనించాడు.

"ఖాళీ బండి ఎవరి మాటా చెప్పదు," అన్నాడు. "మా తాతల కాలంలో శవాన్ని నెత్తిన పెట్టుకుని వీధంతా తిప్పేవాళ్ళు. చంపినవాళ్ళ గుమ్మానికి అదే వెళ్ళి కొట్టుకునేది. పూడ్చేసిన తర్వాతైతే పోయినవాడి జుట్టూ గోళ్ళూ మూటగట్టి మోసేవాళ్ళు. మా అజేకుమ్ జుట్టూ గోళ్ళూ తీసి ఉంచాం. పడుకున్న చాపా ఉంది. అవి బండిలో పెడతాను. అప్పుడు నీ మాట ప్రకారం జరిగితే, మా అక్క కాళ్ళ మీద పడి నేనే తలుపు తీస్తాను."

నేను డుఫియె మోచెయ్యి గిల్లాను. వద్దు అని నా ఉద్దేశం. ఎందుకు వద్దో నాకూ సరిగ్గా తెలీదు.

"పెట్టుకోండి," అంది డుఫియె. "గోళ్ళు పెడతారో గొడ్డలి పెడతారో మీ ఇష్టం. ఇనుముకి అవేం తెలీవు."

నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆ ఒక్క మాటకే. ఎదుటివాడికి సాకు లేకుండా చెయ్యాలనుకుంది. పందెం తన పందెం అనుకుంది. జుట్టూ గోళ్ళూ బండెక్కిన క్షణం నుంచి అది వాళ్ళ పందెం అయిపోయింది.

బయల్దేరే ముందు తచివా మమ్మల్ని పెరట్లో ఉన్న గది దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్న కిటికీ, ఊచల వెనక గొరిగిన తల. నోట్లో పళ్ళు లేవు గానీ చూపు సూదిలా ఉంది. తచివా ఊచల్లోంచి ఉడికించిన కర్రపెండలం ముక్కలు అందించింది.

"దీన్నేనా నువ్వు పట్టుకొచ్చింది?" అంది ఎనో పొక్వా డుఫియెని ఎగాదిగా చూస్తూ. "అమ్మాయ్, నీ ఇనుము మంచిదేనా?"

"కాదమ్మా. చెడ్డది. అందుకే వచ్చాను."

"చెడ్డదైతే మంచిదే," అని ముసలావిడ బోసినోటితో నవ్వింది. "మంచిదైతే నేను చచ్చానన్నమాట." తర్వాత తచివా చెంప మీద చెయ్యి వేసి, "ఇది తిన్నదా పొద్దున్నుంచి? దీని మొహం చూడు. దీనికి తిండి పెట్టండి ముందు," అంది.

న్యార్కో బండిని గుట్ట మీదికీ కిందికీ తిప్పి తిప్పి ఇంజన్ని మరగబెట్టాడు. వెనకాల శవపేటిక పెట్టే చోట చుట్టిన చాప, దాని మీద తెల్లబట్ట మూట. నేను ముందు సీట్లో కూర్చున్నాను. డుఫియె కాలవ దగ్గర నిలబడింది. జనం రెండు వైపులా అరుగుల మీద, గోడల మీద. ఒక్కడు దగ్గితే ఊరంతా వినబడేట్టుంది.

"చెక్కల మీద తగ్గించకు," అన్నాను.

"తెలుసులే, నాకు నేర్పకు," అన్నాడు న్యార్కో.

గుట్ట దిగాం. చక్రాలు చెక్కల మీద దడదడలాడాయి. ఎనో పొక్వా గుమ్మం నా పక్కనుంచి సర్రున వెనక్కి పోయింది. ఇంజను ఆగలేదు. వెనక జనంలోంచి ఎవరో ఆడమనిషి ఉండబట్టలేక కూత పెట్టింది. దాంతో ఇంకో నాలుగు గొంతులు కలిశాయి. అద్దంలో చూస్తే డుఫియె రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నవ్వుతోంది. ఇక షెడ్డు ఒక్కటే మిగిలింది. అదిగో, కనబడుతూనే ఉంది.

తచివా తన ఇంటి ముందు నిలబడి చూస్తోంది. బండి ఎనో ఇల్లు దాటడం అక్కణ్ణించే చూసింది. పాపం, ఆ పిల్లకి అంతే చాలు, షెడ్డుతో పనిలేదు. మైలబట్ట పైకొంగు లాగి గాల్లో తిప్పుతూ, ఏడుస్తూ, నవ్వుతూ రోడ్డు మీదికి ఉరికింది. బండికి ఎదురుగా గంతులేస్తోంది.

"తప్పుకో!" అని అరిచాను.

న్యార్కో ఏం చేస్తాడు? మనిషిని తొక్కెయ్యడు కదా. బ్రేకు మీద కాలు వేశాడు. బండి ఒక్కసారి కుదిపి, దగ్గి, ఊపిరి వదిలేసింది. తచివా గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఆగింది.

తచివా చేతిలో కొంగు ఇంకా పైనే ఉంది. ముందు ఆమెకి అర్థం కాలేదు. బండి ఆపారు, అయిపోయింది, గెలిచాం అనుకుంది. తర్వాత నా మొహం చూసింది. తర్వాత తన గుమ్మం చూసుకుంది.

జనం పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకంటే ముందు డుఫియె వచ్చింది. రోడ్డు మీద వెల్లకిలా పడి బండి కిందికి దూరి అరుస్తోంది.

"రండి! వచ్చి చూడండి! ఎంత వాలిందో చూడండి, వేలు పడుతోంది సందులో! ఈ పిల్ల అడ్డం రాబట్టి బ్రేకేశాడు! కళ్ళున్నాయా మీకు?"

ఒక్కడూ వంగి చూడలేదు. చాపకేసి చూశారు. చాప మీద మూటకేసి చూశారు.

తవియా మావయ్య మెల్లగా నడిచొచ్చాడు. గొంతులో కోపం లేదు, అదే భయం వేసింది నాకు.

"షెడ్డు దగ్గర ఆగుతుందన్నావు అమ్మాయ్. ఊరందరి ముందూ అన్నావు. నీ ఇనుము నీ మాట వినలేదు. ఇంకెవరి మాటో విన్నది."

"ముసలిది ఒక్కతే కాదన్నమాట," అన్నారెవరో వెనకనుంచి. "పెంచింది కదా, నేర్పే ఉంటుంది."

"అందుకే పట్నం పోయి మరీ మేస్త్రీని తెచ్చుకుంది!"

తచివా చుట్టూ ఉన్న జనం అడుగు వెనక్కి వేశారు. పొద్దున్న దాని భుజం మీద చెయ్యేసి ఏడ్చిన ఆడవాళ్ళే. ఒకడు రాయి తీసుకున్నాడు, ఇంకా విసరలేదు. నేను తచివా ముందుకి వెళ్ళి నిలబడ్డాను. ధైర్యంతో కాదు, కాళ్ళు అటే పోయాయి. డుఫియె బండి కిందనుంచి బయటికొచ్చి, "మళ్ళీ తిప్పుదాం, ఇంకోసారి తిప్పుదాం," అంటోంది. ఇంకోసారి తిప్పితే ఇంకో గుమ్మం. అది ఆవిడకీ అప్పటికి అర్థమైంది. మాట మధ్యలో ఆగిపోయింది.

ఈలోగా ఎవరో వెళ్ళి గది తాళం తీసి ఎనో పొక్వాని లాక్కొచ్చారు, ఇద్దర్నీ కలిపి అడగడానికి. ముసలావిడ బండిని చూసింది, గుమ్మాన్ని చూసింది, రాయి పట్టుకున్నవాణ్ణి చూసింది. తచివా మొహం మీద ఆవిడ చూపు ఎక్కువసేపు నిలవలేదు. నిలిస్తే ఆ తర్వాతి మాట అనలేకపోయేదేమో.

"తవియా," అంది. "ఇటు రారా. నీతోనే చెప్తాను. వాణ్ణి తిన్నది నేనే."

చూడకుండానే తచివా వైపు చెయ్యి చూపించింది.

"నేనొక్కదాన్నే. తర్వాత వంతు ఈ పిల్లది అనుకున్నాను. వాడికది తెలుసు. అందుకే దీని గుమ్మం ముందు ఆగాడు, జాగ్రత్త అని చెప్పడానికి. చిన్నప్పట్నుంచీ దీన్ని ఎత్తుకు తిరిగాడు కదరా. దీని జోలికి ఎవరైనా వచ్చారో, వాడు ఊరుకోడు. వినబడిందా అందరికీ?"

రాయి పట్టుకున్నవాడు చెయ్యి దించాడు. తవియా మావయ్య "అక్కా," అన్నాడు, అంతే. మొహానికి బట్ట కప్పుకున్నాడు.

"అమ్మమ్మా, అబద్ధం! అబద్ధం చెప్తోంది!" అంటూ తచివా ముందుకి దూకబోయింది. ఆడవాళ్ళు పట్టుకున్నారు. ఈసారి ప్రేమగానే పట్టుకున్నారు. చావు తప్పించుకున్న పిల్లని పట్టుకున్నట్టు.

డుఫియె నోరు తెరిచింది. మా డుఫియె, ఎవడి మాటా పడని డుఫియె. బోల్టు అనబోయిందో, వేడి అనబోయిందో. ఎనో పొక్వా ఆవిడ వైపు తిరిగింది.

"నువ్వు నోరు ముయ్యి అమ్మాయ్," అంది. "నీ ఇనుము మంచిదే."

డుఫియె నోరు మూసుకుంది. మూసుకోక ఏం చేస్తుంది? ఆ బండి ఆగడం ఇనుము తప్పే అంటే ముసలావిడ మాట అబద్ధమవుతుంది. అది అబద్ధమైతే గుమ్మం ముందు ఆగిన బండికి మిగిలేది తచివా ఒక్కతే. నిజం చెప్పడానికి అంతదూరం వచ్చిన మనిషి, పక్కన నిలబడి ఆ అబద్ధాన్ని కాపాడాల్సి వచ్చింది.

బండి ఎలాగూ ఉంది, బుధవారం దాకా దేనికి, ఇప్పుడే తీసుకెళ్ళమన్నారు. శిబిరానికి దారి షెడ్డు వైపు కాదు. బండిని వెనక్కి తిప్పి, వీధంతా దాటి, గుట్టెక్కి వెళ్ళాలి. ఎనో పొక్వాని వెనక, చాప పక్కన కూర్చోబెట్టారు. శవం పడుకునే చోట.

"ఒక్క నిమిషం," అంది డుఫియె.

మళ్ళీ రోడ్డు మీద పడుకుని బండి కిందికి దూరింది. ఈసారి ఎవర్నీ చూడమనలేదు. నన్ను కట్టుతీగ అడిగింది. ఇచ్చాను. కాలే ఇనుముని ఒట్టి చేత్తో పైకి లాగి పట్టుకుని, తీగ చుట్టి, పటకారుతో బిగించింది. తోలు కాలిన వాసన వచ్చింది. జేబులోంచి రీఛార్జి కార్డు తీసి సందు చూసింది. తీగ ఎంతోసేపు నిలవదు. ఊరు దాటేదాకా నిలిస్తే చాలు.

"కాలిందా?" అని అడిగాను.

"ఇంకెవరి గుమ్మం ముందూ ఆగకూడదు బదూ," అంది.

నేనూ డుఫియే ముందు సీట్లో ఎక్కాం. న్యార్కో తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. జనం అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. అజేకుమ్ శాంతించాడని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. తవియా మావయ్య కర్ర ఎత్తి దారి చూపించాడు. తచివా అరుపు ఇంటి లోపల్నుంచి వినబడుతూనే ఉంది.

కాలవ మీద మేం పరిచిన చెక్కలు అలాగే ఉన్నాయి. అయినా న్యార్కో అలవాటు కొద్దీ అక్కడ స్పీడు తగ్గించాడు. ఎనో పొక్వా తన గుమ్మం కేసి చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. డుఫియె కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఇంజను చప్పుడు వింటోంది.

బండి ఆగలేదు.